జిరాక్స్ అంకుల్ పద్దుల పుస్తకం

సంపాదకుల వారికి,

కాలేజీ పిల్లలకు డబ్బు విలువ తెలియదని, బిర్యానీలకూ ఫోన్లకూ తగలేస్తున్నారని అందరూ అనేదే. గుంటూరు బ్రాడీపేటలో పంతొమ్మిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది కాలేజీ పిల్లలే. వాళ్ల జేబు సంగతి నాకు తెలిసినంతగా కన్నవాళ్లకు కూడా తెలియదేమో. అందుకే ఈ ఉత్తరం.

ఏ తారీఖో తెలుసుకోవడానికి మా షాపులో క్యాలెండరు అక్కర్లేదు. మొదటి వారం "కలర్ తీయండి అంకుల్" అంటారు. పదిహేను దాటాక "బ్లాక్ అండ్ వైట్ చాలు". ఇరవై దాటితే "రెండు పేజీలు ఒకే షీటు మీద పడతాయా?" ఇరవై అయిదుకల్లా పన్నెండు రూపాయల పేమెంటు కూడా ఫెయిలవుతుంది. సర్వర్ బిజీ అంకుల్ అంటారు. ఒకటో తారీఖున ఆ సర్వర్ ఎందుకో ఎప్పుడూ బిజీగా ఉండదు. అప్పుడు పొడుగు పుస్తకం తీసి పద్దు రాసుకుంటాను. ఎగ్గొట్టినవాళ్లు తక్కువే.

దుబారా లేదని అనను. ఎనిమిది రూపాయల ప్రింటు కోసం వచ్చి, ఎదురు బండి దగ్గర తొంభై రూపాయల మిల్క్‌షేకు తాగి వెళ్లేవాళ్లను రోజూ చూస్తాను. 1993లో నేను ఇదే ఊళ్లో బీకాం చదివేటప్పుడు నాన్న నెలకు 400 రూపాయలు మనియార్డరు చేసేవాడు. ఫారం అడుగున ఉండే కాస్త జాగాలో పత్తి ఎన్ని క్వింటాళ్లు దిగిందో రాసేవాడు. అది చదివాక వంద నోటు మార్చడానికి చేతులు వచ్చేవి కావు. ఇప్పుడు ఫోను చూపిస్తే డబ్బు వెళ్లిపోతోంది, వెనకాల పత్తి కనపడదు. సరే, అది వాళ్ల తప్పు కాదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఫిబ్రవరిలో ఎవరో ఫోన్ చేసి, ఫలానా కుర్రాడు మాకు బాకీ ఉన్నాడు, మీరు కడతారా అంటూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ కుర్రాడి ఫోన్లో నా నంబరు "జిరాక్స్ అంకుల్" అని ఉందట. వాళ్ల మేనమామకూ, క్లాసులో ఆడపిల్లలకూ కూడా అవే ఫోన్లు.

ఇంజినీరింగ్ ఆఖరు సంవత్సరం, వినుకొండ వైపు కుర్రాడు. తండ్రి తాపీ పని చేస్తాడు. పిల్లవాడికి సిగరెట్టు అలవాటు కూడా లేదు. ఒకే వారంలో పరీక్ష ఫీజు గడువు, డిపార్ట్‌మెంటు ఫంక్షనుకు 450 రూపాయల టీషర్టు, ప్రాజెక్టు రిపోర్టు వచ్చి పడ్డాయి. రిపోర్టు బిల్లు వేసింది నేనే కాబట్టి లెక్క నాకు తెలుసు. 80 పేజీల్లో 14 కలర్, గట్టి అట్ట బైండింగు, కాపీకి 422. గైడుకొకటి, డిపార్ట్‌మెంటుకొకటి, లైబ్రరీకొకటి, తనకొకటి, మొత్తం 1,688. నాన్నను అడగడానికి మొహం చెల్లక ఏదో లోన్ యాప్‌లో 3,000 అడిగాడు. చేతికొచ్చింది 2,100. వారంలో 3,000 కట్టాలి. మా పల్నాడులో నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే ముక్కున వేలేసుకుంటారు. ఇది వారానికి నూటికి నలభై మూడు!

తండ్రి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపాడు. అది కట్టాక, ఆలస్యమైందని ఇంకో 1,500 అడిగారు. అప్పుడు సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయించాను. రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టుల జోలికి పోకూడదు, చార్జీలన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ముందే చెప్పాలి. ఈ ముక్క ఆ కుర్రాడికి నాలుగేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. నాకూ ఆ రోజే తెలిసింది.

తెనాలి నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి నా పుస్తకంలో ఎప్పుడూ ఎక్కలేదు. ఎలాగమ్మా అని అడిగితే, వాళ్లమ్మ నెలకోసారి కాకుండా ప్రతి సోమవారం 700 వేస్తుందట. ఆదివారం రాత్రికి చేతిలో ఎంత మిగిలిందో అమ్మకు చెప్పాలి, అంతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక, ఊరెళ్లే చార్జీ మిగిలితే పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో, వేసుకుంటోంది. అందులో నెలకు వంద రూపాయలు కట్టినా చాలు. మా అబ్బాయికీ వారం వారం పంపుదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, వాడు ఆకలితో ఉంటాడని ఆవిడ భయం.

కాలేజీల వాళ్లను అడిగేది ఒకటే. ఏ నెలలో ఏ ఖర్చు వస్తుందో, రికార్డులు, ల్యాబ్ కోటు, పరీక్ష ఫీజు, టూరు, ప్రాజెక్టు, అన్నీ ఒక కాగితం మీద వేసి జూలైలోనే పిల్లల చేతికివ్వండి. తాపీ పని చేసే తండ్రి కూడా రెండు నెలల ముందు తెలిస్తే సర్దుకుంటాడు. ప్రాజెక్టు రిపోర్టు ఒక్క కాపీ బైండింగు చాలు, మిగతావి ఫైలుగా తీసుకోండి. గైడు గారి కాపీలు పాత పేపర్ల వాడి బండి మీద నేను చాలాసార్లు చూశాను. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటోంది.

ఆ కాగితం ఏ కాలేజీ తయారుచేసినా, ఎన్ని వందల కాపీలైనా సరే, డబ్బు తీసుకోకుండా తీసిస్తాను. పేజీ మాత్రం ఒకటే ఉండాలి. కలర్ అడక్కూడదు.

ఆ కుర్రాణ్ణి ఎవరూ గుర్తుపట్టకూడదని నా పేరు రాయడం లేదు.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు