అడిగింది ఒకటి, అంటగట్టింది ఒకటి: మెటల్ డిటెక్టర్‌పై ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: మార్చిలో మీ మెల్‌బోర్న్ షాపులో కొన్న మెటల్ డిటెక్టర్‌ను వెనక్కి తీసుకోవడం గురించి.

మీ ప్రకటనలు, వీడియోలు తెలుగులో ఉంటాయి. కౌంటర్లో నాతో మాట్లాడిన అబ్బాయి కూడా తెలుగువాడే. అందుకే తెలుగులోనే రాస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "బాక్స్ ఓపెన్ చేశారు కదా సార్, రిటర్న్ కుదరదు" అనే జవాబే వచ్చింది. కాబట్టి జరిగిందంతా ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో జనం నడుం వంచి వజ్రాలు వెతకడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి విక్టోరియా రాష్ట్రంలో బెండిగో, డనోలీ ఊళ్ల వైపు అడవుల్లో జనం ఇప్పటికీ సరదాగా బంగారం వెతుకుతారని తెలిశాక నాకు మా ఊరి చేలే కళ్ల ముందు మెదిలాయి. బంగారం వెతకడానికి ఇచ్చే అనుమతి పత్రం, పదేళ్లు చెల్లే మైనర్స్ రైట్ తీసుకుని మీ షాపుకు వచ్చాను.

ఆ రోజు నేను అడిగింది చాలా స్పష్టం. "బాబూ, నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆన్ చేస్తే పనిచేయాలి, ఒకటి రెండు బటన్లు ఉంటే చాలు. డనోలీ వైపు చిన్న చిన్న బంగారు ముక్కలు వెతుక్కోవడానికి" అన్నాను. షెల్ఫులో 399 డాలర్ల మెషిన్ ఒకటి కనిపిస్తే చేతిలోకి తీసుకుని ఊపి కూడా చూశాను. తేలిగ్గా ఉంది, నచ్చింది. మీ అబ్బాయి దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడు. "అది పిల్లల బొమ్మ అంకుల్, దాంతో మేకులు తప్ప ఏమీ దొరకవు" అన్నాడు. 1,450 డాలర్ల మెషిన్ బయటికి తీశాడు. రంగుల తెర, బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, జీపీఎస్, అయిదారు మోడ్‌లు, ఒక్కో మోడ్‌కి మళ్లీ మెనూలు. "చెత్తను అదే వదిలేస్తుంది, మీకు తవ్వే శ్రమే ఉండదు" అన్నాడు. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కు దొరికిన 27 కిలోల బంగారు ముద్ద ఫోటో కూడా చూపించాడు. అది డిటెక్టర్‌తో దొరికిందన్నది నిజమే. కానీ 1980లో ఏ డిటెక్టర్‌కి ఇన్ని మెనూలున్నాయి?

మా అమ్మాయి సెలవు రోజులు మానుకుని, పోను రాను దాదాపు 400 కిలోమీటర్లు కారు నడిపి నన్ను రెండుసార్లు డనోలీ తీసుకెళ్లింది. రెండు రోజులూ మీవాడు పెట్టి ఇచ్చిన మోడ్‌లోనే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచాను. ఒక్క ముక్క దొరకలేదు. నా చేతకానితనమే అనుకుని రాత్రిళ్లు మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను.

అసలు సంగతి మా ఇంటి పెరట్లో బయటపడింది. మా ఆవిడ చిన్న ముక్కుపుడక, రాయి లేనిది, అడిగి తీసుకుని గడ్డి మీద పెట్టాను. కాయిల్‌ని, అంటే మెషిన్ కింది చివర ఉండే పళ్లెం లాంటి భాగాన్ని, దానికి రెండంగుళాల ఎత్తులో అటూ ఇటూ ఊపాను. చప్పుడు లేదు. ఇంకా కిందికి, దాదాపు తగిలేలా ఊపాను. అయినా లేదు. అప్పుడు మెనూలన్నీ వెతికి ఏ లోహాన్నీ వదలని మోడ్‌కి మార్చాను. వెంటనే మోగింది, తెర మీద 8 అని పడింది. పక్కన మనవరాలు తిన్న చాక్లెట్ ఫాయిల్ కాగితం పెట్టి చూశాను. దానికీ 8.

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ 8 ఎందుకు పడిందో నాకు అర్థమైంది. ఈ మెషిన్లు వస్తువు పేరు గుర్తుపట్టవు. కాయిల్ పంపిన సిగ్నల్‌కి, లోహం నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌కి మధ్య ఎంత తేడా ఉందో చూసి ఒక అంకె వేస్తాయి. చిన్న బంగారు ముక్క, అల్యూమినియం ఫాయిల్ దాదాపు ఒకే అంకె దగ్గర పడతాయి. మీవాడు పెట్టి ఇచ్చిన పార్క్ మోడ్ ఇనుమును, ఫాయిల్‌ను కొట్టేసేలా ఫ్యాక్టరీ నుంచే సెట్ అయి వస్తుంది. అంటే "చెత్తను వదిలేస్తుంది" అని మీరు చెప్పిన ఆ ఫీచరే, నేను వెతుకుతున్న బంగారాన్ని కూడా చెత్తలో కలిపి వదిలేసింది. ఆ రెండు రోజుల్లో ఎన్ని ముక్కల మీదుగా నడిచి వెళ్లిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మూడోసారి ఆ మోడ్ మార్చుకుని వెళ్లాను. అక్కడి ఎర్ర నేలలో ఇనుపరాయి ఎక్కువ కాబట్టి నేలే మోగడం మొదలైంది. నేలకు తగ్గట్టు గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోవాలనీ, సెన్సిటివిటీ తగ్గించాలనీ మీ షాపులో ఒక్కరూ చెప్పలేదు. పక్క వాగులో ఒక పెద్దాయన నా అవస్థ చూసి దగ్గరికొచ్చారు. ఆయన చేతిలో ఉన్నది తెర కూడా లేని పాత మెషిన్. కాయిల్‌ని నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ, ఉన్న ఒక్క నాబ్‌ని చప్పుడు సద్దుమణిగే దాకా తిప్పి చూపించారు. "మోగితే తవ్వుతాను, అంతే" అన్నారు. ఆ రోజు ఆయన తవ్విన వాటిలో సీసం గుండ్లు, బూటు మేకులే ఎక్కువ. మధ్యాహ్నం మాత్రం బియ్యపు గింజంత బంగారం అరచేతిలో పెట్టుకుని చూపించారు.

మెషిన్ చెడిపోయిందని నేను అనడం లేదు. సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో, ఉప్పు వల్ల ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్లు ఊరికే మోగే చోట, రకరకాల ఫ్రీక్వెన్సీలున్న ఇలాంటిది బాగా పనికొస్తుంది. పదేళ్లుగా చేతి అలవాటు ఉన్నవాళ్లకు ఆ మెనూలన్నీ అవసరమే కావచ్చు. నేను అలాంటివాణ్ణి కాదని ముందే చెప్పాను. చెప్పినా వినకుండా మూడున్నర రెట్లు ఎక్కువ ధర ఉన్నది అమ్మారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, నాకు అన్నిటికంటే కష్టం అనిపించింది అదే. నాది కర్నూలు అని విని మీ అబ్బాయి "ఊరికి తీసుకెళ్లండి అంకుల్, వజ్రాలు, నిధులు కూడా దొరుకుతాయి" అన్నాడు. వజ్రం లోహం కాదు, ఏ మెటల్ డిటెక్టరూ దాన్ని పట్టదు. ఇక నిధుల సంగతి. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచినది పది రూపాయలకు మించి విలువైంది దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. గుప్తనిధుల ఆశతో మా వైపు పాత గుళ్లలో గచ్చు పగలగొట్టి, విగ్రహాలు పెకలించి, జైళ్లకు పోయినవాళ్లున్నారు. దయచేసి ఆ మాట ఏ తెలుగువాడితోనూ అనవద్దని మీ సిబ్బందికి చెప్పండి.

కొనేవాడు తన అవసరం ముందే చెప్పినప్పుడు, అమ్మిన వస్తువు ఆ అవసరానికి పనికి రావాలని ఆస్ట్రేలియా కన్స్యూమర్ చట్టం చెబుతోంది. తప్పుదారి పట్టించే మాటలతో అమ్మకూడదని కూడా చెబుతోంది. బాక్స్ తెరిచారన్నది దానికి జవాబు కాదు.

నేను కోరేది ఇది. మెషిన్ వెనక్కి తీసుకోండి. ఆ రోజు నేను చేతిలోకి తీసుకున్న 399 డాలర్ల మెషినే ఇచ్చి, మిగతా 1,051 డాలర్లు వాపసు చేయండి. మీ తెలుగు వీడియోలో "చెత్తను వదిలేస్తుంది" అన్న చోట, చిన్న బంగారం కూడా వదిలేయవచ్చని చేర్చండి. 14 రోజుల్లో జవాబు రాకపోతే కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకు ఫిర్యాదు చేస్తాను.

మెషిన్, చార్జర్, హెడ్‌ఫోన్లు, రసీదు అన్నీ అదే బాక్సులో సర్ది ఉంచాను. కాయిల్‌కి అంటిన ఎర్రమట్టి కూడా తుడిచాను. ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్, టార్నీట్

జత: రసీదు కాపీ, ముక్కుపుడకతో చేసిన పరీక్ష వీడియో