రచనా శిక్షణ తరగతులు: సర్వసభ్య సమావేశానికి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

కారాగారాల్లోనూ, చదువుకు దూరంగా ఉండిపోయిన బస్తీల్లోనూ మన సంఘం నడుపుతున్న రచనా శిక్షణ తరగతుల గురించి ఈ ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. ఎవరెవరు ఎన్ని రోజులు వచ్చారన్నది హాజరు పుస్తకంలో ఉంది, కావలసినవారు చూడవచ్చు. అయితే ఆ పుస్తకాన్ని బట్టి మన పనిని తూచడం సరికాదని ఈ ఏడాది అనుభవం చెప్పింది. అందుకు కారణాలు వివరించడానికే ఈ నివేదికలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ఏడాది మొదట్లో మనం పన్నెండు వారాల పాఠ్య ప్రణాళిక వేసుకున్నాం. ఒక వారం కథకు ఎత్తుగడ, మరో వారం పాత్రలు, ఆపై వారం సంభాషణ, ఇలా ఒక పాఠం మీద మరొకటి నిలబడేలా రాసుకున్నాం. నాలుగో వారానికి జైలు తరగతిలో మొదటి రోజు చూసిన ముఖాలు రెండే మిగిలాయి. విచారణ ఖైదీల్లో కొందరికి బెయిలు వచ్చింది, ఒకరిని వేరే జైలుకు మార్చారు, ఇంకొందరికి సరిగ్గా తరగతి రోజునే కోర్టు వాయిదా ఉంది, ఒకరికి ములాఖత్ కబురు వచ్చింది. తల్లి చూడటానికి వచ్చిన రోజున కూర్చుని కథ ఎత్తుగడ గురించి వినమని ఎవరు మాత్రం చెప్పగలరు? బస్తీలో నడిపే రాత్రి తరగతిదీ అదే పరిస్థితి. పని దొరికిన చోటికి కుటుంబం తరలిపోతే, ఆ పిల్లవాడి నోటుపుస్తకం మాత్రం మన బీరువాలో మిగిలిపోతుంది. రావడం, రాకపోవడం నేర్చుకునేవారి చేతుల్లో లేనప్పుడు హాజరు తగ్గడాన్ని వారి నిరాసక్తత అని రాసుకోవడం అన్యాయం. మొదటి మూడు నెలల నివేదికలో నేనే అలా రాశాను, ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అందువల్ల ఏడాది మధ్యలో ప్రణాళికను పక్కన పెట్టి, ప్రతి తరగతీ ఆ రోజుకు ఆ రోజే పూర్తయ్యేలా మార్చాం. గంటన్నర వ్యవధిలో కాసేపు మాటలు, ఇరవై నిమిషాలు రాయడం, మిగిలిన సమయం రాసినవారే చదివి వినిపించడం. ఒక్కసారే వచ్చి మళ్లీ రాలేని మనిషి కూడా ముగింపు ఉన్న ఒక రచనతో లేచి వెళ్లాలన్నదే ఇందులోని నియమం. ఒకసారి ‘మీరు బాగా ఎరిగిన తలుపు’ అన్న అంశం ఇచ్చాం. జైలులో తలుపు మాట ఎత్తడం మంచిది కాదేమోనని మన కార్యకర్తలు సందేహించారు. తీరా చూస్తే జైలు తలుపు గురించి ఒక్కరూ రాయలేదు. కొంచెం పైకెత్తితే తప్ప మూసుకోని ఒక లారీ తలుపు గురించి, ఆ కిటుకు తెలియక అవస్థ పడిన కొత్త క్లీనరు గురించి ఒకాయన రాసిన పేజీన్నర ఈ ఏడాది వచ్చిన మంచి రచనల్లో ఒకటి.

అక్షరాలు రానివారు చెబుతుంటే మరొకరు రాసిపెట్టే పద్ధతిని కూడా ఈ ఏడాదే మొదలుపెట్టాం. ఇందులో ఒక తప్పు జరిగింది. ‘పోయినాడు’ అని చెప్పిన చోటల్లా మన కార్యకర్త ‘వెళ్లాడు’ అని, ‘జెప్పిన’ అన్నచోట ‘చెప్పాను’ అని దిద్ది రాశారు. తిరిగి చదివి వినిపించగానే చెప్పినాయన తల అడ్డంగా ఊపి, ‘ఇది నాది గాదు సార్’ అన్నాడు. అప్పటినుంచి చెప్పినది చెప్పినట్టే రాయాలని, రాసినవారు అడిగితేనే తప్పొప్పులు చూడాలని నిర్ణయించాం. బ్రెజిల్‌లోని అంజికోస్‌లో 1963లో విద్యావేత్త పౌలో ఫ్రేరీ బృందం సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పినప్పుడు పాఠాలను వారి రోజువారీ మాటల నుంచే తీసుకుంది. ఎదుటివారి మాటతో మొదలుపెట్టాలన్న ఆ సంగతి మనకు పుస్తకాల్లో తెలుసు, తరగతి గదిలో గుర్తు రాలేదు.

ఇంకో అలవాటునూ మానుకున్నాం. నిజామాబాదు జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాయడం, కెన్యాలోని కమీటీ జైలులో రచయిత గూగీ వా థియోంగో 1978లో టాయిలెట్ కాగితం మీద గికుయు భాషలో నవల రాయడం మొదటి రోజే చెప్పి ఉత్సాహపరచాలని చూసేవాళ్లం. ‘వాళ్లు చేసిన పనికి తలెత్తుకుని లోపలికొచ్చారు, మా సంగతి వేరు’ అని ఒక యువకుడు నెమ్మదిగా అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

అనుమతుల విషయంలో ఒక కార్యాలయం నుంచి జవాబు రావడానికే చాలా కాలం పట్టింది. మన లేఖల్లో ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలను ఉదహరించాం. ప్రతి కారాగారంలోనూ గ్రంథాలయం ఉండాలని 64వ నియమం, సాంస్కృతిక కార్యక్రమాలకు వీలు కల్పించాలని 105వ నియమం చెబుతున్నాయి. లోపలికి తీసుకెళ్లేవి దారంతో కుట్టిన నోటుపుస్తకాలే అయి ఉండాలి, స్పైరల్ తీగ ఉన్నవి గేటు దగ్గరే ఆగిపోతాయి. పెన్నులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి.

విచారణలో ఉన్నవారిని తమ కేసు గురించి రాయవద్దని ముందే చెబుతున్నాం. ఆ కాగితం ఎవరి చేతికైనా వెళ్లవచ్చు, కోర్టులో వారికే ఎదురు తిరగవచ్చు. ప్రచురణ అడిగినవారి రచనలను మారుపేరుతో, రాతపూర్వక అంగీకారం తీసుకున్నాకే పరిశీలిస్తున్నాం. నేరం వల్ల నష్టపోయిన కుటుంబాలు కూడా చదువుతాయన్న స్పృహ సంపాదకవర్గానికి ఉండాలని కార్యవర్గం కోరింది.

రాసినవారికి శిక్ష తగ్గింపు కోసం మనం ప్రయత్నించాలని కొందరు సభ్యులు సూచించారు. బ్రెజిల్‌లో 2012 నుంచి అలాంటి ఏర్పాటు ఉంది. చదివిన పుస్తకంపై సమీక్ష రాస్తే పుస్తకానికి 4 రోజుల చొప్పున, ఏడాదికి 12 పుస్తకాల వరకు, అంటే 48 రోజుల దాకా శిక్ష తగ్గుతుంది. ప్రతిఫలం ముడిపడితే రాత పరీక్షకుల మెప్పు కోసం సాగుతుందన్నది నా అభిప్రాయం. అయితే లోపల గడిచే నాలుగు రోజుల విలువను బయట కూర్చుని నేను తేల్చకూడదు కనుక, ఈ సూచనను తిరస్కరించకుండా చర్చకు వదిలాం.

చివరగా ఒక ప్రతిపాదన. రాసినవారు వెళ్లిపోయాక మన బీరువాలో మిగిలిన నోటుపుస్తకాలను ఎవరూ తెరవకూడదనీ, అందులోని ఏ భాగాన్నీ ప్రచురణకు గాని ప్రదర్శనకు గాని వాడకూడదనీ, రాసినవారు ఎప్పుడు వచ్చి అడిగినా తిరిగి ఇచ్చేలా భద్రపరచాలనీ కార్యవర్గం భావిస్తోంది. దీనికి సమావేశం ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి