బీపీ చూసేటప్పుడు గురక గురించీ అడగమనండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా ఆయనకు ఆరేళ్లుగా బీపీ. మూడు రకాల మాత్రలు వేసుకున్నా దిగేది కాదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్ రక్తపరీక్షలో ప్రతిసారీ ఎక్కువే. ఇన్ఫెక్షన్ ఎక్కడుందోనని పళ్లు చూశారు, కీళ్లు చూశారు. రాత్రి నిద్ర ఎలా పడుతోందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే నేను చెప్పేదాన్ని: ఇల్లు అదిరేలా గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, నేను లేచి కూర్చుని అంకెలు లెక్కపెట్టడం, ఇరవై దాటాక ఆయన ఉక్కిరిబిక్కిరై ఊపిరి అందుకోవడం. గురక పెడుతున్నారంటే హాయిగా పడుకున్నారనే నేనూ చాలాకాలం అనుకున్నాను.

చివరికి నిద్ర పరీక్ష చేయిస్తే, ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు 42 సార్లు జరుగుతోందని తేలింది. 30 దాటితేనే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు.

నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపగానే మళ్లీ పెరుగుతుంది. తెల్లారేదాకా ఇదే వరస. ఈ ఎగుడుదిగుళ్లకు కణాల్లో ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు పుట్టి, ఎన్‌ఎఫ్-కప్పా బి అనే స్విచ్ పడుతుంది. దాంతో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు పెరుగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం అందుకుని కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. కాలు వాచినట్టు కంటికి కనిపించే వాపు కాదిది. రక్తనాళాల లోపలి పొరను ఏళ్ల తరబడి పాడుచేస్తుంది.

అలాగని తప్పంతా ఆప్నియాదే అనను. కొవ్వు కణాలూ ఇవే రసాయనాలు వదులుతాయి. బరువు వాటా ఎంత, ఆప్నియా వాటా ఎంత అని విడదీయడం పరిశోధకులకే కష్టంగా ఉంది. గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం 1981లోనే వచ్చింది. కానీ అది వాడిన అందరికీ సీఆర్‌పీ తగ్గదు. అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ల మీద జరిగి 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో, సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతం తగ్గలేదు. అయితే వాళ్లు మాస్కు పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. మా ఆయనా మొదటి నెల దాన్ని విసిరికొట్టినవారే! అందుకే యంత్రాలు పంచేసి ఊరుకోమని అడగడం లేదు. మాస్కు సరిపోయిందా, రాత్రంతా ఉంచుకుంటున్నారా అని కనుక్కునే మనిషి కావాలి.

అంతకంటే ముందు కావాల్సింది ఇంకా చిన్నది. స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. గురక, పగటి అలసట, బీపీ, మెడ కొలత లాంటివే. బీపీ, షుగర్ చూసే ప్రతిచోటా దాన్ని నింపించండి. అనుమానం ఉన్నవాళ్లకు నిద్ర పరీక్ష అందుబాటులోకి తెండి.

ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు పక్కన పడుకునేవాళ్లను కూడా లోపలికి పిలవమనండి. నిద్రలో తన ఊపిరి ఆగుతోందంటే మా ఆయన ఇప్పటికీ పూర్తిగా నమ్మరు.

ఇట్లు,
ఒక రోగి భార్య