తాత గళ్ళ కాగితం, నీ గ్రాఫిక్స్ పేపరు

హనుమకొండ,
జనవరి 19.

బిడ్డా,

సకినాల డబ్బాలో ఈ ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అంటావు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు "సరే బాపూ, క్లాసుంది" అని పెట్టేస్తావు. పైగా నేను చెప్పాలనుకున్నదానికి గీతలు గీసి చూపించాలి. అందుకే కాగితం పట్టాను.

పండక్కి వచ్చినప్పుడు అమ్మతో అన్నావట, కంప్యూటర్ గ్రాఫిక్స్ పేపరు వదిలేసి ఇంకోటి తీసుకుంటానని. గేములు, యానిమేషన్ నేర్పిస్తారనుకుంటే గీత ఎట్లా గీయాలి, వృత్తం ఎట్లా గీయాలి, మ్యాట్రిక్సులు ఎట్లా గుణించాలి, ఇదే సరిపోతోందని. "గీత గీయడానికి కూడా ఒక చాప్టరా?" అన్నావట. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళు బోర్డుల మీద గీతలు గీసే కదా మిమ్మల్ని పెంచింది.

నీ పుస్తకం ఇక్కడ మంచం మీదే మరిచిపోయావు. షాపులో గిరాకీ లేని పూట చదివాను. నా ఇంగ్లీషు నీకు తెలిసిందే. అర్థం కాని చోట పక్కింటి లెక్కల సార్‌ను అడిగాను, ఆయన ఓపికకు దండం పెట్టాలి. అంతా అర్థమైందని అబద్ధం చెప్పను గానీ, నువ్వు విసుక్కున్న ఆ మొదటి చాప్టర్ మాత్రం చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ఇది మా నాయిన మగ్గం సంగతే కదా అనుకున్నాను.

మీ తాత కొత్తవాడలో దర్రీలు, అంటే జంపఖానాలు, నేసేవాడు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర, వచ్చింది, అప్పటికి ఆయన లేడు. మగ్గం మీద పడుగు నిలువుగా ఉంటుంది, పేక అడ్డంగా పోతుంది. ఏటవాలు దారం అంటూ ఉండదు. మరి దర్రీ మీద ఏటవాలు గీత, డైమండు బొమ్మ ఎట్లా వస్తాయి? మెట్లు మెట్లుగా ఎక్కించాలి. అందుకని ఆయన ముందు గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గడి గడీ నింపుకునేవాడు. "ఎన్ని గళ్ళు పక్కకు పోతే ఒక గడి పైకి ఎక్కాలె?" ఇదే ఆయన లెక్క. లెక్క తప్పితే డైమండు కాస్తా గుమ్మడికాయ అయ్యేది.

నీ ల్యాప్‌టాప్ తెర కూడా గళ్ళ కాగితమే. ఫుల్ హెచ్‌డీ అయితే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 గళ్ళు. ఒక్కో గడి ఒక పిక్సెల్. అక్కడా ఏటవాలు గీత లేదు, ఏ గళ్ళు నింపాలో ఎంచుకోవడమే ఉంది. నీ చాప్టర్లో ఉన్న బ్రెజెన్‌హామ్ అనే ఆయన పద్ధతి ఆ ఎంపిక కోసమే. 1962లో ఆయన ఐబీఎంలో పనిచేస్తూ, కాగితం మీద పెన్నుతో గీతలు గీసే ప్లాటర్ అనే యంత్రం కోసం దాన్ని ఆలోచించాడు. 1965లో అచ్చయింది.

సార్ చెప్పిన దాన్ని నేను బాకీ లెక్కలోకి మార్చుకున్నాను, అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. 5 గళ్ళు కుడికి పోయేసరికి 2 గళ్ళు పైకి చేరాలనుకో. అంటే ఒక్కో అడుగుకు 0.4 గడి పైకి బాకీ. కానీ గడిలో కొంచెం ఎక్కడం కుదరదు, ఎక్కితే మొత్తం ఎక్కాలి. మొదటి అడుగు: బాకీ 0.4. అర దాటలేదు, అదే వరసలో ఉండు. రెండో అడుగు: 0.8. అర దాటింది, ఒక వరస ఎక్కు. ఒకటి కట్టేశాం కాబట్టి 0.2 మనమే ఎక్కువ కట్టినట్టు. మూడో అడుగు: ఆ ఎక్కువ పోగా బాకీ 0.2, ఉండు. నాలుగో అడుగు: 0.6, ఎక్కు. అయిదో అడుగుకు బాకీ సున్నా. మొదలుపెట్టిన గడితో కలిపి కింద వరసలో రెండు, మధ్యలో రెండు, పైన రెండు. గీత వచ్చేసింది.

ఇక్కడే బ్రెజెన్‌హామ్ తెలివి చూడు. 0.4నూ, అరనూ, ఒకటినీ పదితో గుణిస్తే 4, 5, 10 అవుతాయి. దశాంశాలు మాయం. కూడిక, తీసివేత తప్ప ఇంకేం లేదు. అప్పటి కంప్యూటర్లకు భాగహారం అంటే ఎద్దుబండి ఘాట్ ఎక్కినంత పని, అందుకే ఈ పద్ధతి అంత పనికొచ్చింది. మా నాయన బడికి పోయింది మూడో తరగతి దాకే. ఈ లెక్కకు పేరు ఉంటుందని ఆయనకు తెలియదు.

మెట్లు కనబడకుండా చేసే ఉపాయం కూడా నీ పుస్తకంలో ఉంది, యాంటీ అలియాసింగ్ అని. గీత ఒక గడిలో సగమే పడితే ఆ గడికి సగం రంగే వేయడం. నలుపు గీత, తెల్ల తెర అయితే అంచు గళ్ళకు బూడిద రంగు. దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది. దర్రీని కూడా దూరం నుంచే చూడాలని తాత అనేవాడు, కొనేవాళ్ళేమో ముక్కు ఆనించి చూసేవాళ్ళు.

మెట్ల గీత తాతదైతే వంపు నాది. సైన్‌బోర్డు రాసేవాడికి తెలుగు అక్షరంలో తిన్నని గీత దొరకడం అరుదు. ఇంగ్లీషు బోర్డుకు స్కేలు పెట్టుకోవచ్చు, "శ్రీ" రాయాలంటే మణికట్టు తిరగాలి. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు పని పడిపోయింది. నువ్వు అప్పుడు చిన్నదానివి. గోడల మీద నా రాతలు వెలిసిపోతుంటే వాటి పక్కనే ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు. ఏడ్చుకుంటూనే రాత్రిపూట ఒక డీటీపీ షాపులో కోరల్‌డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం నేర్చుకున్నాను. అందులో బెజియర్ టూల్ పట్టుకున్న రోజు కొంచెం ధైర్యం వచ్చింది. రెండు చివరలు, వాటిని లాగే రెండు చుక్కలు. లాగినకొద్దీ గీత నా మణికట్టులాగే తిరిగింది.

బెజియర్ అంటే మనిషి పేరని మొన్న నీ పుస్తకం చూసేదాకా నాకు తెలియదు. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు. కారు బాడీ వంపును అంకెల్లో చెప్పాలి కదా, అందుకోసం వాడాడు. అంతకు ముందే 1959లో సిట్రొయెన్ కంపెనీలో ద కాస్టెల్జో అనే ఆయన ఇదే కనిపెట్టాడట, కంపెనీ బయటపెట్టనివ్వలేదు. పేరు ఇంకొకాయనకు పోయింది. బోర్డు ఒకడు రాస్తే కింద సంతకం ఇంకొకడు పెట్టుకోవడం మా లైన్లోనూ ఉంది.

ఆ కాస్టెల్జో పద్ధతిని నేను వాకిట్లో సుద్దముక్కతో వేసి చూశాను. నాలుగు చుక్కలు పెట్టు. వరసగా గీతలతో కలుపు, మూడు గీతలు వస్తాయి. మూడింటికీ సరిగ్గా మధ్యలో చుక్క పెట్టు. ఆ మూడు చుక్కలను కలిపితే రెండు గీతలు, వాటి మధ్యలో మళ్ళీ చుక్కలు. ఆ రెంటినీ కలిపి, దాని మధ్యలో ఒక చుక్క. ఆ ఆఖరి చుక్క వంపు మీద ఉంటుంది. మధ్యలో కాకుండా పావు దగ్గర, ముప్పావు దగ్గర ఇట్లాగే చేస్తే వంపు మీద ఇంకిన్ని చుక్కలు దొరుకుతాయి. అమ్మ వచ్చి చూసి "చుక్కలు లెక్క తప్పినయ్, ఇదేం ముగ్గు?" అంది.

ఇది ఎందుకు పనికొస్తుందో మా షాపుకు వచ్చి ఒక్క రోజు కూర్చుంటే తెలుస్తుంది. ఫాంటులో అక్షరం ఇట్లాంటి వంపులుగానే దాచి ఉంటుంది. మన బమ్మెర పోతన పేరు పెట్టిన ఫాంటు ఉంది చూడు, దాన్ని విజిటింగ్ కార్డు మీద వేసినా నలభై అడుగుల హోర్డింగు మీద వేసినా అంచు చెదరదు. ఎంత సైజు కావాలంటే అంతకు మళ్ళీ లెక్క కట్టుకుంటుంది. ఫొటో అట్లా కాదు. అందులో ఉన్న గళ్ళు ఉన్నన్నే. మేడారం జాతర ముందు ఒకాయన వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఇచ్చి ఇరవై అడుగుల ఫ్లెక్సీ కొట్టమన్నాడు. ఇరవై అడుగులంటే 240 అంగుళాలు, ఫొటోలో అడ్డంగా ఉన్నవి వెయ్యి పిక్సెళ్ళు. అంటే ఒక్కో పిక్సెల్ దాదాపు పావు అంగుళం. మొహం గళ్ళు గళ్ళుగా వచ్చిందని నా మీద గొడవ. రంగుల గొడవ ఇంకోటి. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి చూపిస్తుంది. ప్రింటర్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు కలిపి వేస్తుంది. తెర మీద మెరిసే ఆ చిలకపచ్చ సిరాలో రాదు మొర్రో అన్నా వినరు.

మ్యాట్రిక్సుల సంగతికి వస్తాను, ఇది సార్ చెప్పిందే ఎక్కువ. ఈసారి రైలెక్కేటప్పుడు కాజీపేట ప్లాట్‌ఫాం చివర నిలబడి కరెంటు స్తంభాలు చూడు. రెట్టింపు దూరంలో ఉన్న స్తంభం సగం ఎత్తే కనిపిస్తుంది. నాటకాల తెరల మీద మండపం స్తంభాలు నేను కంటి అంచనాతో చిన్నవి చేసుకుంటూ పోయేవాణ్ణి. మీ పుస్తకం "దూరంతో భాగించు" అని ఒక్క మాటలో చెప్పింది. బొమ్మను తిప్పడం, పెంచడం, జరపడం, ఈ దూరం లెక్క, అన్నీ నాలుగు వరసల అంకెల పట్టికలుగా (అవే మ్యాట్రిక్సులు) రాసుకుంటే వాటిని గుణించి ఒకే పట్టిక చేసుకోవచ్చట. బొమ్మలో లక్ష మూలలుంటే లక్షకూ అదే పట్టిక. పని ఒక్కటే, పడే చోటు వేరు, కాబట్టి వేలమంది కూలీలకు ఒకేసారి పంచవచ్చు. గేములకు గ్రాఫిక్స్ కార్డు అని యాభై వేలు అడిగావే, అది ఆ కూలీల గుంపు. సెకనుకు 60 సార్లు తెర నింపాలంటే 12 కోట్లకు పైగా గళ్ళు నింపాలి మరి. కార్డు సంగతి మాత్రం తర్వాత చూద్దాం.

వెలుగు నీడల గురించి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, షాడో అక్షరాలు ఎన్ని రాశాను! వెలుగు నిటారుగా పడితే ఎక్కువ, వాలుగా పడితే తక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం మన డాబానూ, పొద్దుటి డాబానూ పోల్చుకో. దాన్ని లాంబర్ట్ అనే శాస్త్రవేత్త 1760లోనే లెక్కలో పెట్టాడట. 1975లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూవెల్ తన ఇంట్లోని టీ పాట్‌ను బెజియర్ వంపులతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, వెలుగును పరీక్షించడానికి అప్పటి నుంచి అందరూ ఆ పాట్‌నే వాడుకున్నారట. మన చాయ్ కెటిలైతే ఇంకా బాగుండేది, మసి కూడా వేయాల్సి వచ్చేది.

నీ చదువు గేములకే అనుకుంటున్నావు కాబట్టి ఇంకొక్కటి చెప్పాలి. మీ మేనమామ బండి మీద నుంచి పడ్డప్పుడు తలకు సీటీ స్కాన్ తీశారు గుర్తుందా? డాక్టర్ తెర మీద పుర్రెను అటూ ఇటూ తిప్పి చీలిక చూపించాడు. ఆ టెన్షన్‌లో అది ఫొటో అనుకున్నాను. కాదట. చుట్టూ తిరుగుతూ ఎన్నో వైపుల నుంచి ఎక్స్‌రేలు పంపి, లోపల ఎంత ఆగి ఎంత బయటికి వచ్చిందో కొలిచి, దాన్నిబట్టి లోపలి పొరను లెక్క కడతారు. హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రంతో 1971లో మొదటి రోగికి తీశారు. 1979లో ఆయనకూ, ఈ లెక్కను ముందే కట్టిన కోర్మాక్‌కూ నోబెల్ ఇచ్చారు. అట్లా వచ్చిన పొరలను దర్రీల బొత్తిలాగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య జాగాను చిన్న చిన్న డబ్బాలుగా చూస్తారు. ఒక్కో డబ్బాకు ఎనిమిది మూలలు. ఏ మూల ఎముకలో ఉంది, ఏది బయట ఉంది చూసి, వాటి మధ్య నుంచి త్రికోణాలు అతికిస్తూ పోతే పుర్రె పైభాగం వస్తుంది. లోరెన్సెన్, క్లైన్ అనే ఇద్దరు 1987లో రాశారు, మార్చింగ్ క్యూబ్స్ అని. అదీ గడే బిడ్డా, కాకపోతే డబ్బా గడి.

ఇంకా ఉన్నాయి. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం విప్పి మళ్ళీ పేర్చి తెరిచేసరికి 2024 వచ్చింది. ఇప్పుడు అట్లాంటి కట్టడాలను లేజర్‌తో కొలిచి, కోట్ల చుక్కలుగా కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. రామప్ప గుడి నాగిని శిల్పాన్ని ఆ చుక్కల్లో తిప్పి చూడాలని నాకు ఆశ.

పేపరు మార్చుకోవడానికి నెలాఖరు దాకా టైముందన్నావు. నువ్వు పెద్దదానివయ్యావు, నీ ఇష్టం. నా మాట అడిగితే మాత్రం ఉంచుకో అంటాను. ఇంట్లో డబ్బులు పోసి నేను నేర్చుకున్న పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంను ఇప్పుడు మా షాపులో తెరిచేవాడు లేడు. 1963లో ఐవన్ సదర్లాండ్ అనే ఆయన, అప్పటికి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో స్టూడెంటే, తెర మీద లైట్ పెన్నుతో వంకరగా గీసి, ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి అంటే కంప్యూటరే సరిచేసేటట్టు చేశాడట. ఆయన వాడిన కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడా పనిచేయదు. గీత లెక్క నీ పుస్తకంలోకి వచ్చింది.

డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టింది తాత గళ్ళ కాగితం. ఎరుపు, నీలం డైమండ్ల డిజైను, ఓ మూల ఆయన చెరిపి దిద్దుకున్నది కూడా ఉంది. దాన్ని గడి గడీ కంప్యూటర్లోకి ఎక్కించి, రంగులు మార్చి చూసేటట్టు ప్రోగ్రాం రాయగలవేమో చూడు. పైనుంచి మూడో డైమండు దగ్గర ఒక గడి ఎక్కువ నింపాడు, అది దిద్దకు, అట్లాగే ఉంచు. మడత దగ్గర చిరుగుతోంది, జాగ్రత్త. ఫొటో తీసుకున్నాక శివరాత్రికి వచ్చేటప్పుడు పట్టుకురా. సకినాలు నీ రూమ్మేట్లకు కూడా పెట్టు, అమ్మ లెక్కపెట్టే వేసింది.

నీ
బాపు