ఈ వేసవి జలపాతాల యాత్రల్లో మార్పులు, పెరిగిన ధర: కారణాలతో సహా

మా వెంట ఆల్ప్స్ కొండల్లో నడిచినవారికి, ఈ ఏడు నడుద్దామనుకుంటున్నవారికి నమస్కారం.

మ్యూనిక్ నుంచి మేము నడిపే జలపాతాల, ఇరుకు లోయల యాత్రలకు ఈ వేసవి నుంచి కొత్త పద్ధతి పెడుతున్నాం. తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటలలోపు లోయలోంచి బయటికి వచ్చేస్తాం. బృందంలో 12 మందికి మించి తీసుకోం. కొండల మీద ఉరుముల వాన హెచ్చరిక ఉంటే, మ్యూనిక్‌లో ఎంత ఎండ కాస్తున్నా సరే, ఆ రోజు యాత్ర రద్దు చేసి మీ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. వీటన్నిటి వల్ల ఒక్కొక్కరికి 12 యూరోలు ధర పెరుగుతోంది.

పెంచిన డబ్బు ఎటు పోతుందో మీకు తెలియాలి. బృందం చిన్నదైనా బస్సు అద్దె తగ్గదు, గైడ్ జీతం తగ్గదు. రద్దయిన రోజున బస్సుకు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు. ఆ నష్టాన్ని ముందే లెక్కగట్టి ధరలో కలిపాం. ఎందుకంటే, మబ్బులు కమ్ముతున్నప్పుడు మా గైడ్ మనసులో డబ్బు లెక్క మెదలకూడదు. ‘ఇంతదూరం వచ్చాం, ఈ ఒక్కసారికి వెళ్ళొద్దాం’ అనే మాట అతని నోట రాకూడదు.

ఈ జాగ్రత్త అతి అనుకునేవారికి ఇరుకు లోయ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వేసవిలో ఆల్ప్స్‌లో పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలుల మీది వేడిగాలి తేమను పైకి మోసుకుపోతుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి. ఆ వాన మీ నెత్తిన పడనక్కర్లేదు. పైన ఎక్కడో శిఖరాల కింద గంటసేపు కురిస్తే చాలు, ఆ నీరంతా దిగిరావడానికి దారి ఒక్కటే. అది మీరు నిలబడి ఉన్న చీలిక. కొన్నిచోట్ల రెండు గోడల మధ్య కొద్ది మీటర్ల వెడల్పు కూడా ఉండదు. పక్కకు పరచుకునే వీలులేని నీరు పైకి లేస్తుంది.

2021 ఆగస్టు 16న జర్మనీలోని గ్రైనౌ దగ్గరి హోలెన్‌టాల్ లోయలో జరిగింది ఇదే. పైన భారీగా కురిసిన వానకు వరద ఒక్కసారిగా వచ్చి, ఒక వంతెననూ ఇద్దరు మనుషులనూ తీసుకుపోయింది. 1905 నుంచి సందర్శకులు నడుస్తున్న దారి అది. కొండను తొలిచి సొరంగాలు, మెట్లు కట్టి, ఏటా శ్రద్ధగా బాగుచేసే దారి. ఓబర్‌స్ట్‌డార్ఫ్ దగ్గరి బ్రైటాఖ్ లోయ కథ ఇంకో రకం. అక్కడ 1995 సెప్టెంబరులో కొండచరియ విరిగిపడి ఏటికి అడ్డుకట్ట వేసింది. దాని వెనక నెలల తరబడి నిండిన నీరు 1996 మార్చిలో కట్ట తెంచుకుని ఒక్క ఊపున దూకింది. ఈ సంగతులు చెబుతున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఈ లోయలంటే మాకు ప్రాణం, కాబట్టే వాటి స్వభావం తెలుసుకుని వాటి దగ్గరికి వెళ్ళాలంటాం.

పొద్దున్నే వెళ్ళడంలో భద్రత ఒక్కటే కాదు, అందమూ ఉంది. గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ దగ్గరి పార్ట్‌నాఖ్ లోయనే తీసుకోండి. పొడవు 700 మీటర్లే. గోడలు 80 మీటర్లకు పైగా లేస్తాయి. జనం తక్కువగా ఉన్న వేళ లోపలికి అడుగుపెడితే ముందు చెవులకు తెలుస్తుంది. నీటి హోరు రెండు గోడలకూ కొట్టుకుని రెట్టింపవుతుంది, పక్కవారి మాట వినపడదు. దారి కొండ అంచును తొలిచి వేసింది. పొడుగువారు కొన్నిచోట్ల తల వంచాలి. పైనుంచి కారే సన్నటి నీటి తెరలు భుజం తడుపుతాయి. కింద పార్ట్‌నాఖ్ నీరు పాలు కలిసిన ఆకుపచ్చగా, తెల్లటి నురగ తీస్తూ పోతుంటుంది. గోడల సందున కనిపించే ఆకాశం వెడల్పైన రిబ్బనంతే. తడి రాయి మీద చెయ్యి ఆనించి చూడండి, ఆగస్టులో కూడా చల్లగా తగులుతుంది. అడవిలో నరికిన దుంగలను ఒకప్పుడు ఈ నీటిలోనే కిందికి వదిలేవారు. ఆ పనివాళ్ళు ప్రాణాలకు తెగించి నడిచిన చోటే మనం ఇవాళ ఇనుప కమ్మీ పట్టుకుని నడుస్తున్నాం. 1912లో ఈ లోయను ప్రకృతి సంపదగా ప్రకటించారు. 1991లో ఇక్కడా కొండ విరిగిపడి దారి మూసుకుపోతే, ఆ చోటును తప్పిస్తూ సొరంగం తవ్వారు. మా నడక ఆ సొరంగంలోంచే సాగుతుంది.

అంత ఇరుకు దారిలో పాతికమంది ఒకచోట ఆగి ఫోటోలు, వీడియోలు తీసుకుంటుంటే వెనకవారికి కదలడానికి చోటుండదు. బృందం చిన్నది చేయడానికి ఇదీ ఒక కారణం.

మమ్మల్ని ఎక్కువమంది అడిగేది దసరా సెలవుల గురించి. ఇండియా నుంచి అమ్మానాన్నలు అప్పుడు వస్తారు, జలపాతాలు చూపించండి అంటారు. మనకు జలపాతమంటే వానాకాలం లెక్క. కుంటాల అయినా, తలకోన అయినా వానలు పడ్డాకే కళకళలాడతాయి. ఆల్ప్స్‌లో ఆ లెక్క మారిపోతుంది. ఇక్కడ నీరు మంచు నుంచి వస్తుంది. మే, జూన్ నెలల్లో చలికాలపు మంచు కరిగి ప్రతి వాగూ ఉరకలేస్తుంది. జులై, ఆగస్టులలో హిమానీనదాలు కరిగి వాగులను నడిపిస్తాయి. అక్టోబరు వచ్చేసరికి అడవులు బంగారు రంగుకు తిరుగుతాయి, గాలి తేటపడి దూరపు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి, కానీ జలపాతాలు సన్నబడతాయి. అందుకే అక్టోబరులో మేము జలపాతాల పేరుతో యాత్రలు అమ్మం. శిఖరాలు చూసే నడకలు పెడతాం. రెండూ చూడాలంటే ఎండాకాలం సెలవులకే పెద్దవారిని రప్పించుకోండి.

ఆస్ట్రియాలోని క్రిమ్ల్ జలపాతానికి మాత్రం వేళ వేరు. మూడు అంచెల్లో మొత్తం 380 మీటర్లు దూకే ఆ నీటికి మూలం హోహె టౌఎర్న్ పర్వతాల హిమానీనదాలు. పగటి ఎండకు కరిగిన మంచు లోయంతా దాటి జలపాతాన్ని చేరేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి వేసవిలో ఉదయం కన్నా సాయంత్రం నీరు ఎక్కువ. ఇక్కడి దారి ఇరుకు లోయలో కాక జలపాతం పక్కన అడవి వాలులో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఆల్పైన్ క్లబ్బు వారు పంతొమ్మిదో శతాబ్దంలో వేసిన దారి అది. వాతావరణం అనుకూలిస్తే ఈ ఒక్క యాత్రలో రాత్రి అక్కడే ఉండి, సాయంత్రం ఒకసారి, మర్నాటి ఉదయం ఒకసారి జలపాతం దగ్గరికి వెళ్తాం. మాకు అన్నిటికన్నా ఇష్టమైన యాత్ర ఇదే.

‘ఒక్క రోజులో అయిదు జలపాతాలు’ కావాలని అడిగేవారికి మా జవాబు మారలేదు. మేము చేయం. స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రునెన్ లోయలో దాదాపు 300 మీటర్ల ష్టౌబ్‌బాఖ్ జలపాతం కింద నిలబడి, అది గాలికి పొడిపొడిగా చెదరడం చూడటానికే గంట పడుతుంది. అదే లోయలో ట్రూమెల్‌బాఖ్ జలపాతం కొండ కడుపులో దాగి ఉంటుంది. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల ఈ వైపు మంచు కరిగిన నీరు అందులోంచే దిగుతుంది. ఉధృతి ఎక్కువగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా. లిఫ్టులో పైకి వెళ్ళి దిగుతూ వస్తుంటే కాళ్ళ కింద రాయి అదురుతుంది. అలాంటి చోట గడియారం చూపించి తొందరపెట్టడం మావల్ల కాదు. నాలుగేళ్ళలోపు పిల్లలను ట్రూమెల్‌బాఖ్ లోపలికి అనుమతించరు, ఇది గుర్తుంచుకోండి.

ఒక విషయం చెప్పకుండా దాటవేయలేను. ఈ నీటికి మూలమైన మంచు తగ్గిపోతోంది. పార్ట్‌నాఖ్‌కు నీరు పంపే త్సుగ్‌ష్పిట్సె పర్వతం మీద, దక్షిణ ష్నేఫెర్నర్‌ను 2022లో హిమానీనదాల లెక్కలోంచే తీసేశారు. కరిగీ కరిగీ అది కదలడం మానేసింది. నాకిది సొంత మనిషికి జబ్బు చేసినంత బాధ. మా యాత్రల్లో గార్మిష్‌కు బస్సు మాని రైల్లోనే వెళ్ళడానికి ఇదొక కారణం. రైలుకు మనం వాడే బవేరియా టికెట్ (ఆ రాష్ట్రంలో ప్రాంతీయ రైళ్ళకు రోజంతా చెల్లే టికెట్) పనిదినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, మనం అంతకు ముందే బయలుదేరతాం. కాబట్టి గార్మిష్ యాత్రలు శని, ఆదివారాల్లోనే ఉంటాయి.

అత్తమామలనో అమ్మానాన్నలనో తీసుకొస్తున్నవారు పార్ట్‌నాఖ్‌ను ఎంచుకోండి. 1936 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్కీ స్టేడియం నుంచి లోయ ముఖద్వారం దాకా దారి దాదాపు సమతలం, నడవలేనివారికి గుర్రపు బండ్లు ఉంటాయి. హోలెన్‌టాల్‌కూ, ఆస్ట్రియాలో మెట్లు ఎక్కువున్న లీష్టెన్‌స్టైన్ లోయకూ మోకాళ్ళ నొప్పులున్నవారిని తీసుకెళ్ళం, ఎంత బతిమాలినా సరే. చీరతో నడవవచ్చు, కుచ్చిళ్ళు కొంచెం పైకి కట్టుకుంటే చాలు; చెప్పులతో మాత్రం రానివ్వం. పట్టు ఉన్న బూట్లు, నడుము కింది దాకా వచ్చే రెయిన్‌కోటు తప్పనిసరి. ఇరుకు దారిలో గొడుగు పనికిరాదు. పులిహోర మేమే తెస్తాం, కొండ మీది గుడిసె హోటళ్ళలో చాలాచోట్ల కార్డు తీసుకోరు కాబట్టి కొంత నగదు ఉంచుకోండి.

ఇండియా నుంచి వచ్చే పెద్దలకు తీసుకునే ప్రయాణ బీమాలో పర్వత రక్షణ ఖర్చు, హెలికాప్టర్‌తో సహా, ఉందో లేదో కాగితం చదివి చూడండి. లేకపోతే అదనంగా చేర్పించండి. పేర్లు నమోదు చేసేటప్పుడు అందరి వయసులు, మోకాళ్ళ సంగతి, బీపీ, ఆస్తమా వంటివి ఉన్నదున్నట్టు రాయండి. మీరు రాసిన వివరాలు చూసి, ఎవరికి ఏ దారి సరిపోతుందో రెండు రోజుల్లో ఫోను చేసి చెబుతాం. పాత ధరకు ఇప్పటికే డబ్బు కట్టినవారు మిగతా 12 యూరోలు కట్టనక్కర్లేదు.