పేపర్లు ఉన్నాయి, కాళ్ళు లేవు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను ఇరవై ఏళ్ళుగా జర్మన్ షెపర్డ్‌లని పెంచుతున్నా. బ్రీడర్‌ని కాదు, ట్రైనర్‌ని కాదు, ఇంట్లో ఎప్పుడూ ఒకటి ఉండాల్సిందే, అంతే. మొదటిది పదమూడేళ్ళు బతికింది, చనిపోయే ఏడాది దాకా మెట్లు తనే ఎక్కేది. మూడోవాడికి పది నెలలు నిండేసరికి కూర్చున్న చోటు నుంచి లేవడం కష్టమైపోయింది, ముందుకాళ్ళ మీద బరువంతా వేసి వెనక భాగాన్ని పైకి లాక్కునేవాడు, పరిగెత్తితే రెండు వెనక కాళ్ళూ కలిపి కుందేల్లాగా గెంతేవాడు. మేము అది ముద్దుగా ఉందని వీడియోలు తీసుకున్నాం. ఇప్పుడు ఆ వీడియోలు చూడలేను.

ఎక్స్‌రే తీస్తే తెలిసింది, హిప్ డిస్‌ప్లేసియా, రెండు వైపులా. డాక్టర్ గారు ఫిల్మ్ లైటుకి పెట్టి చూపించారు. తుంటి ఎముక గిన్నెలాగా లోతుగా ఉండాలి, తొడ ఎముక తల బంతిలాగా అందులో ఇమిడిపోవాలి. మావాడిది గిన్నె కాదు సార్, పళ్ళెం. బంతి అంచున వేలాడుతోంది. ప్రతి అడుగుకీ ఎముకా ఎముకా రాసుకుంటుందన్నమాట, పది నెలల పిల్లాడికి.

నేను అమ్మినాయనకి ఫోన్ చేశా. ఆయన కోప్పడలేదు, తప్పించుకోలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పేపర్స్ అన్నీ ఉన్నాయి కదండీ, తల్లీ తండ్రీ ఇద్దరూ చాంపియన్ లైన్" అన్నాడు. వాటి తుంటి ఎక్స్‌రేలు తీయించారా అని అడిగితే "అవి చక్కగా నడుస్తున్నాయి, ఎక్స్‌రే ఎందుకు" అన్నాడు. ఆ రాత్రి ఆ పెడిగ్రీ పేపర్ (వంశ పత్రం) తీసి మొదటిసారి పూర్తిగా చదివా. కుక్క పేరు, పుట్టిన తేదీ, రంగు, తల్లి, తండ్రి, తాతలు, ముత్తాతలు, పేర్ల పక్కన షో టైటిళ్ళు. తుంటి గురించి ఒక్క అక్షరం లేదు. మోచేతుల గురించి లేదు. ఆ కుక్కలు జీవితంలో ఏదైనా పని చేశాయా, ఒక గొర్రెల మందని కాశాయా, ఒక వాసన పట్టుకుని పోయాయా, తుపాకీ శబ్దానికి బెదరకుండా నిలబడ్డాయా, ఏమీ లేదు. ఆ పేపర్ చెప్పేది ఎవరికి ఎవరు పుట్టారనే. నేను మాత్రం అది కుక్క బాగుందని చెప్తోందనుకుని కొన్నా. నాలాగా కొన్నవాళ్ళందరూ అలాగే అనుకుంటున్నారు, అందుకే ఈ లేఖ.

సార్, ఈ జాతిని మొదలుపెట్టిన మనిషి ఇలాంటి పేపర్ కోసం మొదలుపెట్టలేదు. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అని జర్మన్ గుర్రపుదళం ఆఫీసర్, 1899లో ఒక డాగ్ షోలో హెక్టర్ అనే కుక్కని చూసి అక్కడికక్కడే కొనేశాడు, హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాత్ అని పేరు మార్చాడు, అదే నెలలో జాతి సంఘం పెట్టి దాన్నే మొదటి కుక్కగా రాయించాడు. ఆయన చూసింది అందం కాదు, రోజంతా మందతో నడవగల ఒళ్ళు, చెప్పింది అర్థం చేసుకునే బుర్ర. తర్వాత మేత భూములు తగ్గి గొర్రెల పని పోతుంటే, పని లేకపోతే జాతి పాడైపోతుందని పోలీసుల దగ్గరికీ సైన్యం దగ్గరికీ తీసుకెళ్ళి ఈ కుక్కని పనిలో పెట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకి దారి చూపించే కుక్కల్ని 1916లో జర్మనీలో తయారుచేయడం మొదలైనప్పుడు ఆ పని ఎక్కువగా చేసింది కూడా ఇవే.

అక్కడ ఇప్పటికీ ఒక పరీక్ష ఉంది, ఆ సంఘం కుక్కలకి పెట్టేది, సైకిల్ పక్కన 20 కిలోమీటర్లు పరిగెత్తాలి. మధ్యలో ఆపి అరికాళ్ళు చూస్తారు, అయ్యాక మళ్ళీ చూస్తారు. పూర్తిస్థాయి బ్రీడింగ్‌కి పనికొస్తుందని సర్టిఫై అవ్వాలంటే అదీ, పని పరీక్షా, తుంటి ఎక్స్‌రే అన్నీ కావాలి. ఎక్స్‌రే ఫలితం పెడిగ్రీ పేపర్ మీదే అచ్చవుతుంది. ఆ 20 కిలోమీటర్ల గురించి చదివినప్పుడు నాకు కన్నీళ్ళొచ్చాయి, మావాడు వీధి చివరిదాకా వెళ్ళి కూర్చుండిపోయేవాడు.

అయితే అక్కడ మాత్రం అంతా బాగుందని నేను అనను. షో కుక్కలు వేరు, పని కుక్కలు వేరు అయిపోయి చాలా కాలమైంది, ఒకే పేరు మీద రెండు రకాలు. షో రింగులో వెనక భాగం ఎంత కిందకి వాలితే అంత స్టైల్ అన్నట్టు తయారైంది. 2016లో ఇంగ్లండ్‌లో జరిగే క్రఫ్ట్స్ డాగ్ షోలో ఈ జాతిలో బెస్ట్ అని గెలిచిన కుక్క నడక టీవీలో చూసి మామూలు జనమే గొడవ చేశారు, ఇదేంటి ఇది ఇలా నడుస్తోంది అని. కుక్కల గురించి ఏమీ తెలియనివాళ్ళకి కనిపించింది జడ్జికి కనిపించలేదు. కళ్ళు అలవాటుపడిపోతే అంతే సార్, వంకరే తిన్నగా కనిపిస్తుంది.

ఇంకొకటి, బరువు. ఈ జాతి ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ స్టాండర్డ్‌లో మగకుక్క ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 కిలోలు అని రాసుంది, ఆడకుక్కకి 22 నుంచి 32. అమ్మకం ప్రకటనలు చూడండి, "హెవీ బోన్, 50 కేజీ ఫాదర్" అని గొప్పగా వేస్తారు. 50 కిలోలంటే స్టాండర్డ్ కంటే పది కిలోలు ఎక్కువ, ఆ పది కిలోలూ మోయాల్సింది ఆ పళ్ళెంలాంటి తుంటే.

పాపులారిటీ వల్ల ఈ జాతికి దెబ్బ తగలడం ఇది మొదటిసారి కూడా కాదు. 1918లో ఫ్రాన్స్ యుద్ధభూమిలో దొరికిన షెపర్డ్ కుక్కపిల్ల రిన్ టిన్ టిన్ అమెరికాలో సినిమా స్టార్ అయ్యాక అందరికీ అదే కుక్క కావాల్సొచ్చింది, కావాలన్నవాళ్ళకి దొరికినట్టల్లా పుట్టించి ఇచ్చారు. జర్మనీలోనే కుక్కలు మరీ ఎత్తుగా, గుణం చెడిపోయి తయారవుతున్నాయని 1925లో స్టెఫానిట్జే ఒక పొట్టి, పొడవాటి ఒళ్ళున్న కుక్కని చాంపియన్‌గా ఎంపిక చేసి దారి మార్చాల్సొచ్చింది. దిద్దడం సాధ్యమేనని దానర్థం, కాకపోతే దిద్దేవాడికి అధికారం ఉండాలి. మా చేతుల్లో అది లేదు, మీ చేతుల్లో ఉంది.

ఇప్పుడు జరుగుతున్నదేంటో చెప్తా, నేను కళ్ళతో చూసిందే. ఆడకుక్క సుమారు ఆరు నెలలకోసారి ఎదకొస్తుంది. రెండేళ్ళు నిండకుండానే మేటింగ్ చేయిస్తారు, 63 రోజులకి ఈనుతుంది, పిల్లలు వదలగానే మళ్ళీ ఎదకొస్తుంది, మళ్ళీ మేటింగ్. నేను వెళ్ళిన ఒకచోట నాలుగేళ్ళ తల్లికి అది ఆరో లిట్టర్, అంటే ఆరో కాన్పు. దాని పొట్ట చర్మం నేలకి వేలాడుతోంది, మనిషిని చూసి తోక ఊపలేదు, మూలకి జరిగింది. జర్మన్ షెపర్డ్ సార్ అది, కొత్త మనిషి వస్తే లేచి నిలబడి ఎవరు నువ్వు అన్నట్టు చూడాల్సిన కుక్క.

పిల్లల్ని నెల రోజులకే అమ్మేస్తారు, చిన్నగా ఉంటేనే ముద్దుగా ఉంటాయి, తొందరగా పోతాయి. కుక్కపిల్ల 3వ వారం నుంచి 12, 14 వారాల దాకా చూసిందీ విన్నదీ దానికి జీవితాంతం మామూలుగా అనిపిస్తుంది, ఆ సమయంలో తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా కాటు ఎంత గట్టిగా వేయొచ్చో నేర్చుకుంటుంది, మనుషుల్నీ శబ్దాల్నీ అలవాటు చేసుకుంటుంది. అదంతా చీకటి బోనులో, తర్వాత అట్టపెట్టెలో గడిచిపోతే, పెద్దయ్యాక భయంతో కరుస్తుంది. అప్పుడు "ఈ జాతే డేంజర్" అంటారు. భయపడే తల్లి, భయపడే తండ్రి, పైగా బోను. ఆ కుక్క ధైర్యం ఎక్కడ నేర్చుకుంటుంది?

మగకుక్కల సంగతి ఇంకా పెద్దది. ఒక్క కుక్క షో గెలిస్తే చాలు, అందరూ తమ ఆడకుక్కని దాని దగ్గరికే తీసుకెళ్తారు. కొన్నేళ్ళకి ఆ చుట్టుపక్కల పిల్లలన్నీ ఒకే తండ్రికి పుట్టినవే. ఆ కుక్కలో దాగున్న లోపం ఏదైనా ఉంటే ఇల్లిల్లూ చేరిపోతుంది, తర్వాత ఆ పిల్లల్ని ఒకదానికొకటి కలిపితే రెండు వైపుల నుంచీ అదే లోపం కలుస్తుంది. డీజెనరేటివ్ మైలోపతి అనే జబ్బు అలాంటిదే. వెన్నుపాము మెల్లగా పాడైపోతుంది, మొదట వెనక కాలి గోళ్ళు నేలకి రాసుకుంటాయి, తర్వాత కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడతాయి, తర్వాత ఈడ్చుకోవడమే. మందు లేదు. సాధారణంగా ఎనిమిదేళ్ళు దాటాకే బయటపడుతుంది కాబట్టి అప్పటికి ఆ కుక్కకి మనవలు కూడా పుట్టేసుంటాయి. కానీ దీనికి సంబంధించిన జన్యువు, ఎస్ఓడీ1, 2009లోనే దొరికింది సార్, చెంప లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే చెప్పేస్తారు. ప్రతి కుక్కకీ ఆ జన్యువు రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. లోపం ఉన్న కాపీ ఒకటే ఉన్న కుక్కని పక్కన పెట్టక్కర్లేదు కూడా, లోపం అసలు లేనిదానితో కలిపితే పిల్లలకి లోపం ఉన్న కాపీలు రెండూ రావు. అంత తేలిక, అయినా ఎవరూ చేయించట్లేదు, అడిగేవాళ్ళు లేరు కాబట్టి.

తుంటిది అంత తేలిక కాదు, అదీ ఒప్పుకుంటా. దానికి ఒక్క జన్యువు లేదు, చాలా కలిసి పనిచేస్తాయి, పిల్లప్పుడు బరువు పెరగడం, తిండీ, ఎక్సర్‌సైజూ కూడా కలుస్తాయి. మంచి తుంటి ఉన్న తల్లిదండ్రులకి కూడా అప్పుడప్పుడు చెడ్డ తుంటి పిల్ల పుడుతుంది. అందుకే "మా కుక్క బాగానే నడుస్తోంది" అనేది సరిపోదు, దాని అన్నదమ్ములవీ అక్కచెల్లెళ్ళవీ పిల్లలవీ అన్నీ ఎక్స్‌రే తీసి ఒకచోట రాసిపెడితేనే ఏ వంశం ఎటు పోతోందో తెలుస్తుంది. జర్మనీ సంఘం అలా చుట్టాల ఫలితాలన్నీ కలిపే ఒక్కో కుక్కకి అంకె వేస్తుంది.

పోలీసులూ సైన్యాలూ ఈపాటికే తేల్చుకున్నారు, చాలా చోట్ల షెపర్డ్‌ని తగ్గించి బెల్జియన్ మాలిన్వా అనే జాతికి మారిపోయారు. 2011లో బిన్ లాడెన్ మీద దాడికి వెళ్ళిన కైరో అనే కుక్క మాలిన్వానే, 2019లో ఐసిస్ నాయకుడు బాగ్దాదీ మీద దాడికి వెళ్ళిన కోనన్ కూడా అదే. ఆ వార్తలు వచ్చినప్పటి నుంచి అదే కుక్క మాక్కూడా కావాలనేవాళ్ళు ఎక్కువైపోయారు, రోజంతా పని అడిగే కుక్కని అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేయడానికి. షెపర్డ్ విషయంలో ఇప్పుడు ఏదో ఒకటి చేయకపోతే పదేళ్ళ తర్వాత ఇదే లేఖ పేరు మార్చి దాని గురించి రాయాల్సొస్తుంది.

మంత్రి గారూ, నేను బ్రీడింగ్ నిషేధించమనట్లేదు. నిషేధిస్తే దొంగచాటుగా చేస్తారు, నష్టం మళ్ళీ ఆ తల్లికుక్కలకే. నేను అడిగేది ఒక్కటే, ఆ పేపర్‌ని నిజం చెప్పించండి. తల్లికీ తండ్రికీ తుంటి, మోచేయి ఎక్స్‌రే గ్రేడు, మైలోపతి టెస్టు ఫలితం, ఏదో ఒక పని పరీక్షో గుణ పరీక్షో పాసైన వివరం, ఇవి లేకుండా ఆ జంటకి పుట్టిన పిల్లల్ని రిజిస్టర్ చేయకూడదని రూల్ పెట్టండి. ఎక్స్‌రే తీసేముందు మైక్రోచిప్ నంబర్ చదివి ఫిల్మ్ మీద పడేలా చేయండి, లేకపోతే ఒక మంచి కుక్క ఎక్స్‌రే పది కుక్కలకి వాడేస్తారు. గ్రేడు చెడ్డదైతే దాచకుండా అది కూడా రికార్డులో ఉండనివ్వండి, మంచివి మాత్రమే బయటపెడితే ఆ రికార్డు ఎవరికీ పనికిరాదు.

ఇవేవీ ఎవరూ చేయని పనులు కాదు. ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ 2009 నుంచి తల్లీకొడుకు, తండ్రీకూతురు, తోడబుట్టిన జంటల పిల్లల్ని రిజిస్టర్ చేయడం మానేసింది, 2012 నుంచి ఒక తల్లికి నాలుగు లిట్టర్ల కంటే ఎక్కువ ఒప్పుకోవట్లేదు. ఇంగ్లండ్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 2020లో అమల్లోకి వచ్చింది, ఆరు నెలల లోపు పిల్లని మధ్యవర్తులు అమ్మకూడదు, కొనేవాళ్ళు పుట్టినచోటికెళ్ళి తల్లిని చూసి కొనుక్కోవాలి. నేను తల్లిని చూసుంటే మావాడిని కొనేవాడినే కాదు, లేదా కొని కనీసం ముందే ఎక్స్‌రే తీయించేవాడిని. జర్మనీ జంతు సంరక్షణ చట్టంలో పుట్టే పిల్లలు బాధపడతాయని ముందే తెలిసే బ్రీడింగ్ చేయడమే నిషేధం. ఏదీ పూర్తిగా అమలవ్వట్లేదని అక్కడివాళ్ళే అంటారు, కానీ అడగడానికి ఒక కాగితం ఉంది.

చిన్న బ్రీడర్ల మీద భారం పడుతుందని మీ దగ్గరికి వచ్చి చెప్తారు. నిజంగా జాతి మీద ప్రేమతో రెండేళ్ళకో లిట్టర్ తీసేవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, వాళ్ళు ఈ టెస్టులన్నీ ఇప్పటికే సొంత డబ్బుతో చేయించుకుంటున్నారు, పిల్లల్ని ఎనిమిది వారాల దాకా పంపరు, కొనేవాళ్ళని వంద ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళ పిల్లకీ, ఆరో లిట్టర్ తల్లి పిల్లకీ ఒకే రకం పేపర్ వస్తోంది. మోయలేని భారం పడుతున్నది ఇప్పుడు వాళ్ళ మీదే.

మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు. ఒకవైపు ఆపరేషన్ చేసి తొడ ఎముక తల తీసేశారు, రెండోవైపు బరువు పెరగకుండా చూసుకుంటూ, నీళ్ళలో ఈత కొట్టిస్తూ నెట్టుకొస్తున్నాం. చలిరోజుల్లో పొద్దున్నే లేవడానికి ముందు నా వైపు చూస్తాడు, నేను వెళ్ళి నడుము కింద తువ్వాలు వేసి లేపుతా, అప్పుడు తలుపు దగ్గరికెళ్ళి బయట ఎవరున్నారో చూస్తాడు, కాపలా అతని పని కదా, అది మాత్రం మర్చిపోలేదు.

వాడి ఎక్స్‌రేలు, ఆ పెడిగ్రీ పేపర్, రెండూ నా దగ్గరే ఉన్నాయి సార్. మీ ఆఫీసుకి ఎప్పుడు రమ్మంటే అప్పుడు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక జర్మన్ షెపర్డ్‌ని చూసుకుంటున్న మనిషి