ఆకలి తిరిగి వచ్చేలోపు

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. బరువు తగ్గడం కోసం కడుపుకు ఆపరేషన్ జరిగి ఆరు నెలలు నిండాయని, ఆకలి అనేది ఒకటుంటుందన్న సంగతే మరిచిపోయానని, పనిలో పడి మధ్యాహ్నం తినకుండానే సాయంత్రం దాకా గడిపేసిన రోజులు కూడా ఉన్నాయని ఎంతో సంతోషంగా రాశావు. ఆ సంతోషం ఎలాంటిదో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆకలితో పోరాడి ఓడిపోయిన మనిషికి అది ఒక్కసారిగా నోరు మూసుకుంటే కలిగే ఊరట మాటల్లో చెప్పలేనిది. అయినా మధ్యాహ్నం తినడం మానేశానన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే నా మనసు ఆగిపోయింది. నీకంటే నాలుగున్నరేళ్ళు ముందు ఈ దారిలో నడిచినవాడిని కాబట్టి, నాకు ఎవరూ ఇంత వివరంగా చెప్పని సంగతులు నీకు చెప్పాలని కూర్చున్నాను. ఉత్తరం పొడుగైతే ఓపిక పట్టు.

నీకు చేసినది స్లీవ్ ఆపరేషన్. అందులో కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేస్తారు. తీసేసిన ఆ పైభాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. నీకు ఇప్పుడు ఆకలి తెలియకపోవడానికి అదొక పెద్ద కారణం. అంతే తప్ప నీ అలవాట్లు మారిపోయాయని కాదు. చాలామందికి మొదటి ఏడాది, ఏడాదిన్నర దాటేసరికి ఆకలి కొంత తిరిగి వస్తుంది, తినగలిగే పరిమాణమూ నెమ్మదిగా పెరుగుతుంది. బరువు తగ్గడం ఆగేదీ, కొందరికి మళ్ళీ పెరగడం మొదలయ్యేదీ ఆ తరువాతి కాలంలోనే. అందుచేత ఆకలి మౌనంగా ఉన్న ఈ రోజులను విశ్రాంతిగా అనుకోవద్దు. ఏ పోరాటమూ లేకుండా మంచి అలవాట్లను వేళ్ళూననిచ్చే అవకాశం నీకు మళ్ళీ ఇంత తేలికగా దొరకదు.

మొట్టమొదట చేయవలసినది ఆకలిని బట్టి కాక గడియారాన్ని బట్టి తినడం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలని నీ డైటీషియన్ కూడా చెప్పే ఉంటారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. అరకప్పు తింటేనే నిండిపోయే కడుపుతో 60 గ్రాములు చేరుకోవాలంటే ఒక్క పూట మానినా ఆ లెక్క ఆ రోజుకు పూడదు. అది పూడనప్పుడు శరీరం కొవ్వుతోపాటు కండను కూడా కరిగించుకుంటుంది. తూకం ముల్లు కిందికి దిగుతూనే ఉంటుంది కాబట్టి ఆ నష్టం కంటికి కనబడదు. తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులుగా వస్తోందని బాధపడ్డావు కదా, బరువు వేగంగా తగ్గిన మూడో నెల నుంచి ఆరో నెల దాకా అది చాలామందికి జరిగేదే. ఎక్కువమందికి మళ్ళీ వస్తుంది కూడా. కానీ ప్రొటీన్, ఇనుము తక్కువైతే అది ఇంకా సాగుతుంది. అందుకే పళ్ళెంలో ముందు గుడ్డో, చేపో, మాంసమో, పప్పో, పెరుగో తిను. తరువాత కూరగాయలు. ఇంకా చోటు మిగిలితేనే తక్కినవి.

ఇక ఎలా తినాలన్నది. ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. ఆపరేషన్ అయిన కొత్తలో నేను చిన్న పళ్ళెమూ, టీ కలుపుకునే చెంచా తెచ్చుకున్నాను. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే ఆ చెంచాను బల్ల మీద పెట్టేసి, చేయి ఒడిలో ఉంచుకుని, నోట్లోది పూర్తిగా మెత్తబడి మింగిన తరువాతే మళ్ళీ తీసుకునేవాణ్ణి. అలా తింటూ ఉండగా ఒకనాడు గమనించాను. కడుపు నిండబోయే ముందు నా ముక్కు కొద్దిగా కారుతుంది. మొదట జలుబనుకున్నాను, కానీ ప్రతి పూటా సరిగ్గా అదే సమయానికి వచ్చేది. కొందరికి వెక్కిళ్ళు వస్తాయట, కొందరికి తుమ్ము, కొందరికి ఛాతీ మధ్యలో చిన్న బరువు. ఆ గుర్తు వచ్చిన తరువాత తిన్న ఒక్క చెంచా కూడా నన్ను అరగంట సేపు కూర్చోనివ్వకుండా, పడుకోనివ్వకుండా బాధపెట్టేది, చాలాసార్లు వాంతితో గానీ పోయేది కాదు. నీ శరీరం ఇచ్చే గుర్తు ఏదో ఈ వారంలోనే కనిపెట్టు. వేగంగా తినేవాడికి అది ఎప్పటికీ తెలియదు.

తినేటప్పుడు నీళ్ళు తాగవద్దని చెప్పినందుకు విసుగ్గా ఉందన్నావు. ఆ నియమానికి కారణం ఉంది. ఉన్న కాస్త చోటునూ నీళ్ళు ఆక్రమిస్తే ప్రొటీన్‌కు చోటుండదు. పైగా ద్రవంతో కలిసిన ఆహారం త్వరగా కిందికి జారిపోతే నిండుగా ఉన్న భావన నిలవదు. తిన్న తరువాత అరగంట ఆగి తాగు. అయితే రోజు మొత్తం మీద లీటరున్నరకు తగ్గకూడదు కనుక, గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగుతూనే ఉండాలి. నేను ఎక్కడికి వెళ్ళినా సీసా నా పక్కనే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నన్ను దెబ్బతీసినది విందు భోజనం కాదు. ఎక్కువ తింటే నా కడుపే ఒప్పుకోదు కాబట్టి ఆ భయం నాకు ఎప్పుడూ లేదు. మూడో ఏడాదిలో పని ఒత్తిడి పెరిగి, రాత్రిళ్ళు బల్ల దగ్గర కూర్చునే రోజుల్లో, పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. మాంసం అయితే నాలుగు ముక్కలకే నిండిపోయే కడుపు, నోట్లో కరిగిపోయే బిస్కెట్లకు ఏ అడ్డూ చెప్పదు. అవి జారిపోతూనే ఉంటాయి. గంటకొకటి, రెండు, తలెత్తకుండానే చేయి దానంతట అది డబ్బాలోకి వెళ్ళేది. భోజనాల పరిమాణం పెరగలేదు కాబట్టి నేను బాగానే తింటున్నానని నిజాయితీగా నమ్మాను. పద్నాలుగు నెలల్లో ఏడు కిలోలు పెరిగాను. డైటీషియన్ నన్ను ఏమీ అనలేదు, తిన్నదల్లా గంటతో సహా ఒక్క వారం రాయమన్నారు, అంతే. మూడో రోజు కాగితం చూసుకుంటే నోట్లో ఏదో ఒకటి వేసుకున్న సార్లు పదకొండు ఉన్నాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని, వేళకు తినేదే తిండి. మిగతాదేదీ బల్ల మీదికి రాదు. ఏడింటిలో ఐదు కిలోలు తిరిగి తగ్గడానికి ఏడాది పట్టింది.

అసలు ఆ రాత్రిళ్ళు నాకు ఆకలి వేసిందా అంటే, లేదు. అలసటా, దిగులూ ఉండేవి. వైద్యులు కడుపును చిన్నది చేయగలరు కానీ దిగులు కలిగినప్పుడు నోటికి ఏదో కావాలనిపించే పాత అలవాటును కోసి తీయలేరు. అలాంటప్పుడు నేను నీకు ఫోన్ చేసి ఉండవలసింది. చేయలేదు. నువ్వు మాత్రం చెయ్యి, ఏ వేళైనా సరే.

నాది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా చిన్న పేగుకు కలిపే ఆపరేషన్, కావడం వల్ల తీపి పదార్థాలు నన్ను వెంటనే శిక్షిస్తాయి. ఒకసారి తియ్యటి పానీయం గబగబా తాగిన పావుగంటకే గుండె దడ, ఒళ్ళంతా చెమట, కడుపులో మెలిపెట్టే నొప్పి. దానినే డంపింగ్ అంటారు. స్లీవ్ చేసినవారికి అది తక్కువే, కానీ అసలు రాదని కాదు. నిజానికి నీకు ఆ హెచ్చరిక గట్టిగా లేకపోవడం వల్ల నువ్వు నాకంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మద్యం కూడా మునుపటికంటే త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుందని గుర్తుంచుకో.

మాత్రల విషయంలో మాత్రం నిన్ను బతిమాలుకుంటున్నాను. బాగానే ఉన్నాను కదా అని రెండో ఏడాదిలో నేను కొన్ని నెలలు వాటిని వదిలేశాను. రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వచ్చే దాకా ఏమీ తెలియలేదు. రక్తపరీక్షలో ఇనుము అడుగంటింది. మల్టీవిటమిన్, బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి ఇవన్నీ మనకు జీవితాంతం ఉండేవే. ఎంత మోతాదు అన్నది నీ పరీక్షలు చూసి వైద్యులే చెప్పాలి. ఇనుమునూ కాల్షియాన్నీ ఒకేసారి వేసుకోకు, ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి కనీసం రెండు గంటల ఎడం ఉంచు. ఎప్పుడైనా వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఇంట్లో కూర్చుని సర్దుకుంటుందనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళు. అలాంటప్పుడు థయమిన్ అనే బి1 విటమిన్ వేగంగా తరిగిపోయి నరాలకూ మెదడుకూ హాని చేయగలదు. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడా వైద్యుణ్ణి అడగకుండా మింగవద్దు.

ఆరో నెల రక్తపరీక్ష ఇంకా చేయించుకోలేదని రాశావు. ఈ వారంలో చేయించుకుని నివేదిక నాకు పంపు. పాతది నా దగ్గర ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇంకొక మాట, రేపటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు నీకు ఫోన్ చేస్తాను. ఎత్తగానే క్షేమసమాచారాలు తరువాత, ముందు ఏం తిన్నావో చెప్పు. తినకపోతే ఫోన్ పెట్టకుండానే తినాలి, నువ్వు నెమ్మదిగా తినడం పూర్తయ్యే దాకా నేను ఇవతల కూర్చుని ఉంటాను.

ప్రేమతో,
నీ మిత్రుడు